వాషింగ్టన్ సంతకం, వేరొకరి చేతిరాత: ఆ ఉత్తరం ఎవరిదని రాయాలి?

ప్రశ్న – ఎం.ఏ. విద్యార్థిని, కావలి

నమస్కారం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మీద సెమినారు పత్రం రాస్తున్నాను. 1777–78 నాటి జార్జ్ వాషింగ్టన్ ఉత్తరాల ఫొటోలు చూస్తే ఒక్కోదాంట్లో ఒక్కో చేతిరాత ఉంది. సంతకం మాత్రం ఆయనదే. ఒక చిత్తు ప్రతిలో కొట్టివేతలు, పంక్తుల మధ్య ఇరికించిన మాటలు మరో చేతివి. వీటిని వాషింగ్టన్ మాటలుగా ఉటంకించవచ్చా?

జవాబు – విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, ఒంగోలు

ఉటంకించవచ్చమ్మా, అయితే రాసిన చెయ్యి ఎవరిదో కూడా చెప్పాలి. సైన్యాన్ని నడుపుతూ కాంగ్రెస్‌కు, గవర్నర్లకు, సేనానులకు రోజూ ఉత్తరాలు పంపడం ఒక్కడివల్ల అయ్యే పని కాదు. ఆజ్ఞలు అమలు చేసేవారే కాదు, తన తరఫున ఆలోచించగలవారు కావాలని 1776 జనవరిలోనే ఆయన తన పూర్వ కార్యదర్శి జోసెఫ్ రీడ్‌కు రాశాడు. రాబర్ట్ హాన్సన్ హారిసన్, టెంచ్ టిల్గ్‌మన్, జాన్ లారెన్స్ అలాంటి సహాయకులే. అలెగ్జాండర్ హామిల్టన్ 1777 మార్చి 1న సహాయకుడిగా నియమితుడయ్యాడు. అప్పటికి నిండా పాతికేళ్లు లేవు. హామిల్టన్‌కు, లారెన్స్‌కు ఫ్రెంచి రావడం ఫ్రెంచి అధికారులతో వ్యవహారాలకు ఎంతో పనికొచ్చింది.

విషయం వాషింగ్టన్ చెప్పేవాడు. సహాయకుడు చిత్తు రాసేవాడు, ఆయన దిద్దేవాడు, ఆ తర్వాత సాపు ప్రతి మీద సంతకం పడేది. నీకు కనిపించిన ఇరికింపులు ఆయన చేతివే అయితే, నీ పత్రానికి అంతకు మించిన ఆధారం దొరకదు. సహాయకుడు రాసిన ఏ మాటను సేనాని ఒప్పుకోలేదో, దాని చోట ఏది పెట్టాడో ఆ కాగితమే చూపిస్తుంది. ముందు అక్కడ ఆగి చదువు.

మరో జవాబు – దస్తావేజు లేఖరి, కందుకూరు

మా పనీ ఇలాంటిదే. క్రయపత్రంలో వాక్యాలు మావి, బాధ్యత అమ్మినవారిది. చదివి వినిపించాకే సంతకం పెడతారు. కానీ మేము చివర ‘దస్తూరి’ అని మా పేరు రాస్తాం. ఈ ఉత్తరాల్లో అలా ఉంటుందా మాస్టారూ? లేకపోతే రాసింది ఎవరో ఎలా తెలుస్తుంది?

జవాబు – అధ్యాపకుడు, ఒంగోలు

మంచి ప్రశ్న అడిగారండీ. సాధారణంగా ఉండదు. చేతిరాతలు పోల్చి, వాషింగ్టన్ పత్రాలను ప్రచురించిన సంపాదకులు తేల్చారు. ఆ ఉత్తరాలు ఉంచిన అమెరికా జాతీయ పత్రాగారం వెబ్‌సైటు ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో ఉత్తరం కింద ఉండే వివరణ చూడండి. ‘ఏఎల్ఎస్’ అంటే స్వహస్తంతో రాసి సంతకం చేసింది, ‘ఎల్ఎస్’ అంటే వేరొకరు రాయగా సంతకం చేసింది, ‘డీఎఫ్’ అంటే చిత్తు. చాలాచోట్ల ఎవరి చేతిరాతో పేరు కూడా ఇస్తారు. ఒక జాగ్రత్త: వాషింగ్టన్ ఉత్తరాలను ఎత్తిరాయించడానికి నియమితుడైన కార్యదర్శి రిచర్డ్ వారిక్ పర్యవేక్షణలో 1781–83 మధ్య తయారైన 44 సంపుటాలు తర్వాత ఎత్తిరాసిన ప్రతులు. వాటిలోని చేతిరాతను బట్టి అసలు ఉత్తరం ఎవరు రాశారో నిర్ణయించకూడదు.

విద్యార్థిని, కావలి

చాలా కృతజ్ఞతలు మాస్టారూ. ఉత్తరం చివరి వినయ వాక్యాలను బట్టి ఆయన మనసు అంచనా వేయవచ్చా?

జవాబు – అధ్యాపకుడు, ఒంగోలు

వద్దమ్మా. అవి ఆనాటి మర్యాద, ఎవరు రాసినా అలాగే ముగించేవారు. పాదసూచికలో ‘వాషింగ్టన్ ఉత్తరం, ఫలానా సహాయకుడి చేతిరాతలోని చిత్తు, వాషింగ్టన్ దిద్దుబాట్లతో’ అని తేదీ వేసి రాయి. దిద్దుబాటు చేతిరాత ఎవరిదో వివరణలో లేకపోతే ఆ చివరి ముక్క వదిలెయ్యి.