ముట్లు ఆగిన ఆడవాళ్లకు బీపీ వస్తుందని ముందే చెప్పొచ్చా?

పత్తికొండ కోడలు: మా అత్తమ్మకు 52, ముట్లు ఆగి రెండేళ్లయింది. పోయిన వారం చూస్తే బీపీ 136/86. మా ఆయన "140 దాటలేదు కదా" అని వదిలేశాడు. రేపు వస్తుందో రాదో ఇప్పుడే తెలిసే దారి ఉందా?

కర్నూలు మాస్టారు: 140/90 దాటితేనే బీపీ. ఊరికే భయపెట్టకండి.

జమ్మలమడుగు ఏఎన్ఎం: మాస్టారూ, ఆమె అడిగింది ఉందా అని కాదు, వస్తుందా అని. కచ్చితంగా చెప్పే పరీక్ష లేదు గానీ ఎవరికి ఎక్కువ అవకాశమో తెలుస్తుంది. ముట్లు ఆగి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గాక రక్తనాళాలు బిరుసెక్కుతాయి, ఉప్పు తింటే బీపీ పెరిగేవాళ్లు ఎక్కువవుతారు. నడుము 80 సెంటీమీటర్లు దాటిందా, షుగరుందా, అమ్మానాన్నలకు బీపీ ఉందా చూడాలి. అన్నిటికంటే ముందు, కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగిందా, ఫిట్స్ వచ్చాయా అడగాలి. అదే ఎవరూ అడగరు.

ఆదోని అన్న: మా ఇంట్లో రోజూ ఊరగాయే, ఎవరికీ బీపీ లేదు.

జమ్మలమడుగు ఏఎన్ఎం: ఎప్పుడు చూపించారన్నా?

కర్నూలు మాస్టారు: అమెరికావాళ్లు 2017లో 130/80 అన్నారు, ఇక్కడ 140/90 అంటారు. అంకే తేలకపోతే ముందే చెప్పేదేంది? మా ఇంటావిడ మెట్లెక్కి రొప్పుతూ కూర్చోగానే ఒక్కసారి చూసి మాత్ర రాసిచ్చారు. అది మింగుతూ ఓ పొద్దున లేవగానే కళ్లు తిరిగి గడప మీద పడింది, మణికట్టు విరిగింది.

జమ్మలమడుగు ఏఎన్ఎం: అది కొలవడంలో తప్పు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, చేయి గుండె ఎత్తులో పెట్టి రెండుసార్లు చూడాలి. ఇంకో రోజు మళ్లీ చూడాలి.

కర్నూలు మాస్టారు: మీరు అందరికీ అలాగే చూస్తారా?

జమ్మలమడుగు ఏఎన్ఎం: క్యాంపు రోజు కుదరదు. ఒప్పుకుంటా.

ధర్మవరం మగ్గం: మా అమ్మకు 35కే గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు. 44లో పక్షవాతం. మగ్గం గుంతలో కూర్చుని తెగిన పోగు అతకబోతే కుడిచేయి లేవలేదు. ఆ తొమ్మిదేళ్లలో ఒక్కరూ బీపీ చూడలేదు. చెమటలు, దడ అంటే వేడి చేసింది, మజ్జిగ తాగమన్నారు. నేనూ అన్నాను.

కర్నూలు మాస్టారు: బాధగా ఉందమ్మా. కానీ ఆపరేషన్ వల్లే అని ఎలా చెప్తారు?

ధర్మవరం మగ్గం: వల్లే అన్నానా సార్? ఎవరూ చూడలేదంటున్నా! మీ ఆవిడకు ఎక్కువ మందు ఇచ్చారని మీ కోపం. మా అమ్మ చేతికి పట్టీ చుట్టినవాళ్లే లేరు. మీ అంకెల గొడవ మా గడప దాకా రానే రాలేదు.

కర్నూలు మాస్టారు: ఆ మాట నిజమే.

పత్తికొండ కోడలు: ఇప్పుడే అత్తమ్మను అడిగా. రెండో కాన్పులో ఫిట్స్ వచ్చి కర్నూలుకు తీసుకుపోయారంట. ఆ కాన్పులో పుట్టింది మా ఆయనే, ఆయనకే తెలీదు. రేపు పొద్దున ఇద్దరినీ పీహెచ్‌సీకి తీసుకుపోతున్నా.