సామూహిక కలంకారీ: ఒక్క ఆదివారం రంగులా, నాలుగు ఆదివారాల అద్దకమా?

అరుగు
మా కాలనీ సంఘం, పక్కనున్న గ్రంథాలయం కలిసి ఒక సామూహిక కలంకారీ పని తలపెట్టాయి. చిన్నా పెద్దా కలిపి 40 మంది పేర్లిచ్చారు. శ్రీకాళహస్తి నుంచి ఇద్దరు కళాకారులు వస్తామన్నారు. తయారైన 6 మీటర్ల బట్ట కమ్యూనిటీ హాలు గోడకు వేలాడాలి.

కమిటీలో రెండు మాటలున్నాయి. గీతలు ముందే అచ్చు వేసిన బట్ట తెచ్చి, ఫ్యాబ్రిక్ కలర్లు, బ్రష్షులు ఇచ్చి ఒక్క ఆదివారంలో ముగిద్దామని కొందరు. కరక్కాయ, పాలు, కసిమి, పటికలతో అసలు పద్ధతిలోనే చేద్దామని మిగతావాళ్లు. ఇలాంటివి నడిపినవాళ్లు, ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి. నడిపేవాళ్లుగా మేం దేనికి కట్టుబడాలి?

కసింకుండ
అసలు పద్ధతికే. బ్రష్షుతో ఫ్యాబ్రిక్ కలర్ పూస్తే రంగు బట్ట మీద పొరలా కూర్చుంటుంది. కలంకారీలో రంగు బట్టలోనే పుడుతుంది. కరక్కాయలో ఉండే వగరు పదార్థం నూలు పోగుకు పట్టుకుని ఉంటుంది. దాని మీద కసిమి, అంటే తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లు, కలంతో గీయగానే లేత గోధుమరంగు గీత కళ్లముందే నల్లబడుతుంది. పదేళ్ల పిల్లైనా, డెబ్బై ఏళ్ల తాతైనా ఆ మార్పు చూడకుండా ఇంటికి వెళ్తే వాళ్లకు మనం చూపించింది ఏమిటి? రంగులు పూసే పుస్తకం ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది.

కలం తయారీ కూడా అంతే. వెదురు పుల్లను మొన తీసి, మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి, నూలు దారంతో బిగించి కడతారు. ఉన్ని కసిమిని పీల్చుకుంటుంది, వేలితో నొక్కినకొద్దీ మొనకు దిగుతుంది. చుట్టు వదులైతే బొట్టు జారి గీత మీద మచ్చ పడుతుంది, మరీ బిగిస్తే నీళ్లు దిగవు. గీతకు సన్న మొన, నింపడానికి మొద్దు మొన. ఇది చేత్తో తెలుసుకోవాల్సిన సంగతి, అరగంటలో ఎవరైనా ఒకటి కట్టగలరు. బ్రష్షు చేతికిచ్చి ఈ మెట్టు ఎందుకు ఎగ్గొట్టాలి?

లెక్కల_పద్దు
కసింకుండ గారూ, మీరు చెప్పింది బాగుంది. కానీ నడిపేవాళ్ల పని అక్కడ మొదలవుతుందండీ, ముగియదు.

6 మీటర్ల మందపు నూలు బట్ట కిలో పైనే తూగుతుంది. అద్దకంలో కిలో బట్టకు 30 లీటర్ల నీళ్లుండాలి, లేకపోతే మడతల్లో రంగు పట్టక చారలొస్తాయి. అంటే 50 లీటర్ల గంగాళం, దానికి తగ్గ పొయ్యి, తడి బట్టను కర్రతో తిప్పడానికి ఇద్దరు బలమైనవాళ్లు. చుట్టూ పిల్లలు. ఇక ఉతుకు. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి పారినప్పుడు పారే నీటిలో ఉతికేవారు. మనకున్నది అపార్ట్‌మెంటు కుళాయి. పాలలో ముంచిన బట్ట మేడ మీద ఆరకముందే మబ్బు పడితే వాసన వేస్తుంది, పై అంతస్తువాళ్లు ఫిర్యాదు చేస్తారు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు హాజరు. మొదటి ఆదివారం 40 మంది వస్తారు. మూడో ఆదివారానికి పరీక్షలు, పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు. చివరికి కమిటీలో నలుగురే కూర్చుని బట్ట పూర్తి చేస్తారు. అప్పుడది సామూహికం ఎలా అవుతుంది? ఒక్కరోజు పెడితే 40 మంది చేతులూ నిజంగా బట్ట మీద పడతాయి. నా లెక్కలో ముఖ్యమైనది అదే.

కలంపట్టు
ఇద్దరి మాటలోనూ ఒకే చిక్కు కనిపిస్తోంది: పని మొత్తాన్ని ఒకే ముద్దగా చూస్తున్నారు. శ్రీకాళహస్తి పనిశాలల్లోనే ఒక బట్టను ఒక్కరే మొదలుపెట్టి ముగించరు. గీత ఒకరిది, నింపడం మరొకరిది, ఉతకడం, ఉడికించడం ఇంకొకరివి. కాబట్టి పనిని ఏ కీలు దగ్గర విడదీయాలో నిర్ణయించడమే నడిపేవాళ్ల అసలు బాధ్యత.

ముందు ఆ 6 మీటర్ల ఒంటి బట్టను వదిలేయండి. మీటరు చొప్పున ఆరు ముక్కలు చేయండి, చివర్లో కలిపి కుట్టించవచ్చు. మీటరు ముక్క 200 గ్రాముల లోపే ఉంటుంది, 6 లీటర్ల నీటిలో హాయిగా తిరుగుతుంది. ఇంట్లో ఉండే స్టీలు గిన్నె, గ్యాస్ పొయ్యి చాలు. ఒక ముక్క పాడైతే మిగతా అయిదు మిగులుతాయి. ఒక్కో ముక్క చుట్టూ ముగ్గురు కూర్చోగలరు, ఇరుకైతే నలుగురు. అంటే ఒక పూటకు 20 మంది, పొద్దున ఒక జట్టు, మధ్యాహ్నం ఇంకొకటి. కళాకారుడు ఒక్కరికి పదిమంది కన్నా ఎక్కువైతే కలం పట్టు దిద్దే తీరిక ఉండదు.

జనానికి ఇవ్వకూడనివి మూడు: కసిమి పులియబెట్టడం, పాలలో ముంచడం, ఉడికించడం.

కసిమిని మూడు వారాల ముందే పెట్టాలి. 10 లీటర్ల నీటికి కిలో తుప్పు ఇనుము, కిలో బెల్లం, కొంచెం తాటిబెల్లం, మట్టికుండలో. పొంగుతుంది, గాలి వదులుతుంది, కాబట్టి ప్లాస్టిక్ సీసాలో పోసి బిరడా బిగించకండి. కరక్కాయ పట్టిన బట్టపీలిక మీద చుక్క వేసి చూడండి. బూడిదరంగు దగ్గరే ఆగిపోతే ఇంకా పులవలేదని.

బట్టకు ముందు గంజి పూర్తిగా పోవాలి. ఆ తర్వాత బట్ట బరువులో అయిదో వంతు కరక్కాయ పొడి కలిపిన చిక్కని పచ్చి గేదెపాలలో ముంచి, గట్టిగా పిండి, ఎండలో ఆరబెట్టాలి. పాలలోని కొవ్వే గీతను పాకకుండా పట్టుకుంటుంది. నీళ్లపాలు వాడితే గీతకు మీసాలు మొలుస్తాయి. సరిగ్గా పిండకపోతే ఒకచోట గీత నిలుస్తుంది, ఇంకోచోట పాకుతుంది. 40 మంది తలో చెయ్యీ వేసి పిండితే జరిగేది అదే.

ఇంకో మాట, నిర్వాహకులు బాగా గుర్తుపెట్టుకోవాల్సింది: ఈ బట్టకు ఇనుము తగలకూడదు. ఇనుప మంచం, తుప్పు పట్టిన క్లిప్పు, పిన్నీసు, బల్ల మీది మేకు తల, ఏది తడిగా తగిలినా నల్ల మచ్చ పడుతుంది. చెక్క బల్లల మీద పాత దుప్పటి పరిచి పని చేయించండి.

మొదటి ఆదివారం కలాలు కట్టడం, పీలికల మీద గీతల సాధన. రెండో ఆదివారం చింతపుల్లల బొగ్గుతో బొమ్మ వేసుకుని కసిమి గీతలు. మూడో ఆదివారం ఎర్రబడాల్సిన చోట పటిక. ఆ తర్వాతి వారమంతా కళాకారులది: ఉతుకు, ఉడికింపు, పేడనీళ్లు, ఎండ, మళ్లీ ఒకసారి పాలు. నాలుగో ఆదివారం కరక్కాయ పువ్వుతో పసుపు. నీలిమందు జోలికి వెళ్లకండి, దాని తొట్టి నిర్వహణే వేరే విద్య. నలుపు, ఎరుపు, పసుపుతో నిండైన పని వస్తుంది.

లెక్కల_పద్దు
ఆరు ముక్కల ఆలోచన నాకు నచ్చింది, గంగాళం వాదన వెనక్కి తీసుకుంటున్నాను. హాజరు సంగతి మాత్రం అలాగే ఉంది. నాలుగు ఆదివారాలకూ అందరూ రారు.

కలంపట్టు
రానక్కర్లేదండీ. ఏ ఆదివారానికి ఆ ఆదివారం ఒక పూర్తి పనిగా ఉండాలి. మూడోరోజు మాత్రమే వచ్చినవాళ్లు పటిక నింపుతారు, దానికి ముందు రెండూ తెలియాల్సిన పని లేదు. ఒక పక్క బల్ల మీద నాలుగు దశల్లో ఉన్న నమూనా పీలికలు పెట్టండి, వచ్చినవాళ్లకు ముందు జరిగిందేమిటో, జరగబోయేదేమిటో అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది.

పటికనీళ్లు
పటిక రోజే ఎక్కువ తప్పులు జరుగుతాయి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

లీటరు వేడినీటికి 100 గ్రాములు చాలు. అంతకన్నా బాగా ఎక్కువైతే చల్లారాక అడుగున పలుకులు కడుతుంది. పటిక నీళ్లకు రంగు లేదు, ఎక్కడ పూశామో ఎక్కడ పూయలేదో తెలియదు. కొంచెం పతంగి చెక్క నీళ్లు కలిపితే లేత ఎరుపు కనిపిస్తుంది. పొరపాటున పడిన చుక్క ఆ రోజు ఎవరి కంటా పడదు, ఉడికించాక ఎర్ర మచ్చై తేలుతుంది. పిల్లల కలాల్లో ఉన్నిని తక్కువ చుట్టండి, బొట్లు తగ్గుతాయి.

పూశాక కనీసం ఒక రోజు కదపకూడదు. ఆ తర్వాత ఉతుకు. బకెట్‌లో కుక్కి నానబెడితే ఊడిన పటిక పక్కకు అంటుకుని నేలంతా, అంటే బొమ్మల వెనకుండే ఖాళీ బట్టంతా, ఉడికించాక గులాబీరంగు తిరుగుతుంది. పారే నీరు లేని చోట పిల్లలు ఆడుకునే గాలి తొట్టి నింపి, బట్టను విప్పి పట్టుకుని ఇద్దరు ఆడిస్తూ ఉండాలి, నీళ్లు మూడుసార్లు మార్చాలి. ఇక ఉడికింపు. పటిక ఉన్నచోట ఎరుపు పట్టించేది మంజిష్ఠ వేరు, అది బట్ట బరువుకు సగం నుంచి సమానం వరకు. సెగ మెల్లగా పెంచుతూ గంటసేపు. స్టీలు, రాగి గిన్నెలు సరే, ఇనుప పాత్రలో ఎరుపు మాసిపోతుంది.

కసిమి గీతల విషయంలో కూడా ఒక హెచ్చరిక. ఆరాక మిగులు కసిమి పోయేదాకా ఉతకాలి. ఇనుము మిగిలిపోతే కాలక్రమంలో నల్ల గీత ఉన్నచోటే బట్ట చివికి చిరుగుతుంది. హాలు గోడకు ఏళ్ల తరబడి వేలాడాల్సిన బట్టకు ఇది చిన్న విషయం కాదు.

అరుగు
చాలా ఉపయోగపడుతోంది. ఒక సందేహం. కమిటీలో కొందరు, గీతలు వంకరగా వస్తే హాల్లో ఎలా పెడతాం, రాత్రి కళాకారుల చేత దిద్దిద్దాం అంటున్నారు.

కసింకుండ
వద్దు. దానికి నేను గట్టిగా అడ్డం. తను గీసిన బొమ్మ మర్నాటికి ఇంకోలా మారిపోతే ఆ పిల్లకు తెలియదనుకుంటున్నారా? ఏది ఎవరిదో ముందే చెప్పేయండి. ముఖాలు, అంచు కళాకారులవి. చెట్లు, పక్షులు, నేల మీది పువ్వులు, బొమ్మల దుస్తుల మీది నగిషీ జనానివి. గీత గీయడానికి జంకే పెద్దవాళ్లకు కూడా పని ఉంది: శ్రీకాళహస్తి పటాల్లో బొమ్మల వరుసల కింద కథను తెలుగులో రాస్తారు. ఆ అక్షరాలు వాళ్లకు ఇవ్వండి. వంకర ఉంటే ఉండనివ్వండి.

లెక్కల_పద్దు
హాలు అందరిదీ కదండీ, పనిలో పాల్గొననివాళ్లు కూడా రోజూ దాన్ని చూస్తారు. దిద్దడం తప్పని నేననుకోను. పాల్గొన్నవాళ్లను అడిగి, వాళ్ల ముందే దిద్దాలి. రాత్రిపూట మాత్రం కాదు, అక్కడ మీతో ఏకీభవిస్తాను.

అద్దకం_ఆమె
ఇంతసేపూ ఎవరూ డబ్బు మాట ఎత్తలేదు. ఎక్కువ కార్యక్రమాలు చెడేది అక్కడే. కమిటీలు నాలుగు ఆదివారాలకు నాలుగు రోజుల కూలి లెక్కకట్టి కళాకారుల ముందు పెడతాయి. కలంపట్టు గారు రాసినదే చూడండి: కసిమి, గంజి తీయడం, పాలు, ఉడికింపు, వారం రోజుల ఎండ. ఎండలో పరిచి, ఆరకుండా నీళ్లు చల్లుతూ నేలను తెల్లబరచడమంటే పొద్దంతా ఒక మనిషి అక్కడుండాలి. జనం కళ్లబడని పని ఆదివారాలకన్నా ఎక్కువ. ఆ రోజులన్నిటికీ, ప్రయాణానికి, బసకు ముందే రాతపూర్వకంగా ఒప్పుకోండి, మూడో వంతు బయానా ఇవ్వండి. తలకు ఇంత అని మాత్రం పెట్టకండి, మనుషులు రాకపోతే నష్టం కళాకారుల మీద పడుతుంది.

1950ల్లో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం రావడం వల్ల ఈ విద్య నిలిచింది. నేర్పడం కూడా ఈ వృత్తిలో భాగమే, దానికి వేరే విలువ కట్టాలి. కమిటీ సమావేశాల్లో ఆ ఇద్దరికీ కుర్చీ వేయండి. బొమ్మ ఏదో, తేదీ ఎప్పుడో వాళ్లు లేకుండా తేల్చకండి.

ఒక్కరోజు పక్షానికి ఒక మాట. మీ దగ్గర నిజంగా ఒక్క ఆదివారమే ఉంటే, ఫ్యాబ్రిక్ కలర్లు కొనకండి. పాలు పట్టిన బట్ట, పులిసిన కసిమి కళాకారుల చేత తెప్పించుకుని నలుపు గీతలతో ఆపేయండి.

లెక్కల_పద్దు
ఆ నలుపు బట్టకు నేను ఒప్పుకుంటాను. వానాకాలంలో అయితే మాత్రం ఏదీ పెట్టకండి, ఎండ లేకపోతే పాలబట్ట దగ్గరే పని ఆగుతుంది.

అరుగు
కళాకారులిద్దరికీ కబురు పెడతాం. ఆరు ముక్కలు, జనవరి చివర్లో మొదలు. దిద్దే విషయం పాల్గొనేవాళ్ల ముందే తేలుస్తాం.

కలంపట్టు
ఏడో ముక్క కూడా పాలు పట్టించి ఉంచండి. ప్రతి దశలో దాని మీద ముందు చేసి చూసి, ఆ తర్వాతే మిగతా ఆరింటి మీద చెయ్యి పెట్టండి.