ఏసీ హాల్లో ఉన్న మొక్కల ఆకు కొసలు మాడుతున్నాయి: ఏ కాలంలో నీళ్లు ఎలా పొయ్యాలి?

పటమట ఫ్లాట్:
హాల్లో అరెకా పామ్, పీస్ లిల్లీ, స్నేక్ ప్లాంట్ ఉన్నాయి. పడమటి కిటికీ, రాత్రిళ్లు ఏసీ. నీళ్లు బోరువే, రోజూ ఒక కప్పు. అరెకా ఆకుల కొసలు మాడుతున్నాయి, కుండీ అంచున తెల్లగా పొర కట్టింది. పీస్ లిల్లీ మట్టి తడిగానే ఉన్నా వాలిపోతోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

గుంటూరు మిద్దెతోట:
ఆ తెల్లపొర బోరు నీళ్ల ఉప్పండి. కప్పుడు నీళ్లు పోస్తే పైమట్టి తడిసి ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం అక్కడే మిగులుతుంది. మట్టిలో ఉప్పు పెరిగితే వేళ్లు నీళ్లు లాగలేవు, అందుకే ముందు కొసలు మాడతాయి. పైన అంగుళం మట్టి గీకేసి కొత్తది వెయ్యండి. కుండీని బాత్రూంలో పెట్టి, దానికి రెండింతల నీళ్లు మెల్లగా పోసి, అడుగు నుంచి పూర్తిగా కారనివ్వండి. నెలకోసారి ఇలా చెయ్యాలి. వాన నీళ్లు, ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పట్టి పొయ్యండి, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం అస్సలు వద్దు, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. మాడిన కొస మళ్లీ పచ్చబడదు, కత్తిరించెయ్యండి.

మొగల్రాజపురం:
నీళ్లకు రోజుల లెక్క పెట్టుకోవద్దు. వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి, పొడిగా ఉంటేనే అడుగు నుంచి కారేదాకా పొయ్యండి. స్నేక్ ప్లాంట్‌కి మట్టి పూర్తిగా ఎండాలి.

ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె వెళ్లేదాకా కుండీల్ని పడమటి కిటికీకి నాలుగైదు అడుగులు లోపలికి జరపండి. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు కాగిపోయి ఉంటాయి కాబట్టి పొద్దున్నే పొయ్యండి. ఆ రెండు నెలలూ ఎరువు వద్దు. వానలు పట్టాక మట్టి ఆరదు, ఎక్కువ మొక్కలు పోయేది ఎండలకి కాదు, అప్పుడే. పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి, వేళ్లూ కుళ్లుతాయి, దోమలూ చేరతాయి. జూలై నుంచి ఫిబ్రవరిదాకా నెలకో గుప్పెడు వర్మీకంపోస్ట్ చాలు.

గుంటూరు మిద్దెతోట:
పీస్ లిల్లీ సంగతి వేరు. తడి మట్టిలో వాలిందంటే వేళ్లు కుళ్లినట్టే, ఇంకా నీళ్లు పొయ్యకండి. కుండీలోంచి తీసి చూడండి. నర్సరీ మొక్కలు చాలావరకు బంకమట్టి ముద్దలో వస్తాయి, చుట్టూ ఎంత మంచి మట్టి వేసినా ఆ ముద్ద నడుమ తడి ఆరదు. బకెట్ నీళ్లలో నానబెట్టి ముద్ద వదిలించండి. నల్లగా, మెత్తగా, వాసన వచ్చే వేళ్లు కత్తిరించి, తెల్లగా గట్టిగా ఉన్నవి ఉంచండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక్కో పాలు ఇసుక, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్ట్ కలిపి, మిగిలిన వేళ్లకు సరిపడా చిన్న కుండీలో నాటండి. పెద్ద కుండీ అయితే మళ్లీ అదే తంటా. వారం పాటు నీడలో ఉంచండి.

బ్రాడీపేట:
అరెకా ఆకుల అడుగున కూడా చూడండి. సాలెగూడు లాంటి సన్నటి బూజు, పసుపు చుక్కలు ఉంటే అది ఎర్రనల్లి అనే సన్న పురుగు, ఏసీ పొడి గాలికి త్వరగా పెరుగుతుంది. ముందు ఆకులు నీళ్లతో కడగండి. లీటరు నీళ్లలో 2 మి.లీ. గిన్నెలు తోమే లిక్విడ్ కలిపాకే 5 మి.లీ. వేపనూనె పొయ్యండి, లేకపోతే నూనె పైన తేలుతుంది. ఎండ పోయాక ఆకుల అడుగున స్ప్రే చెయ్యండి, వారానికోసారి చొప్పున మూడు వారాలు. ఒక్కసారితో ఆపితే గుడ్లు పగిలి మళ్లీ మొదలవుతుంది.