నేవీ డే సాయంత్రం: సైనిక్‌పురి తాతగారి బోర్డులు, ఉత్తరాలు, లైవ్

సమన్వయం, డాలస్
అందరికీ నమస్కారం. నేవీ డే డిసెంబర్ 4. మన కార్యక్రమం ఆ తరువాతి శనివారం సాయంత్రం 6:45కి. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు నౌకాదళంలో పనిచేసిన మన తాతగారి గురించే ఈ సాయంత్రం. ఆయన ఉండేది హైదరాబాద్ సైనిక్‌పురిలో, 85 నిండాయి, ఇంత దూరం ప్రయాణం కుదరదు. అందుకని హాల్లో 10 బోర్డులు, ముందే తీసిన 18 నిమిషాల వీడియో, చివర్లో 7:30కి 6 నిమిషాల లైవ్. లైవ్ అయిపోగానే భోజనాలకి లేవాలి. బోర్డుల్లో 4 నౌకాదళానివి, 6 ఇంటివి. ఈ లెక్క మాత్రం తారుమారు చేయకండి. 1971 యుద్ధం రెండు వారాలు, మామ్మగారితో కాపురం 58 ఏళ్లు.

హైదరాబాద్ జట్టు
టైమ్ సంగతి ముందు. డిసెంబర్‌లో డాలస్‌కీ మాకూ తేడా 11 గంటల 30 నిమిషాలు. మీ శనివారం రాత్రి 7:30 మాకు ఆదివారం పొద్దున్న 7. తాతగారు అయిదింటికే లేచి కాఫీ తాగేస్తారు కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ట్రయల్ అక్టోబర్‌లో పెట్టాం. అప్పటికి మీ గడియారాలు ఇంకా వెనక్కి జరపరు, తేడా 10:30 మాత్రమే. పాత ఇన్వైట్‌నే కాపీ చేస్తే గంట తప్పుతుంది.

రెండోది, వినికిడి. ఇరవై ఏళ్లు ఇంజన్ రూమ్ హోరులో పనిచేసిన చెవులు. సన్నటి గొంతులు, పిల్లల గొంతులు ఆయనకి అందవు. హాల్లో మైక్ తిప్పుతూ ప్రశ్నలు అడిగించొద్దు. ఒక్కరే, నిదానంగా, ఒకసారికి ఒక ప్రశ్న. ఇక్కడ ఆయనకి వైరున్న హెడ్‌ఫోన్ పెడతాం. స్పీకర్ తెరిచి ఉంటే మీ గొంతే మా మైక్‌లో పడి హాల్లో మళ్లీ వినిపిస్తుంది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, లైట్లు ఉన్నాయి గానీ రూటర్ ప్లగ్ లేదు. ఎలక్ట్రీషియన్‌తో ఈ వారమే ఆ లైన్ మార్పిస్తున్నాం.

బోర్డుల జట్టు, డాలస్
రెండో బోర్డు డ్రాఫ్ట్ పెట్టాం. మిసైల్ బోట్లు, కరాచీ దాడి, పైన ‘కెప్టెన్ తాతగారు’ అని. ఎలా ఉందో చెప్పండి అక్కా.

హైదరాబాద్ జట్టు
తమ్ముడూ, కష్టపడ్డారు గానీ ఇది మార్చాలి. నేవీ డే జరిపేది కరాచీ దాడి గుర్తుగానే. నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మిసైల్ బోట్లు వెళ్లిన రాత్రి అది. తాతగారు మాత్రం ఆ యుద్ధమంతా బంగాళాఖాతంలో, విమానవాహక నౌక విక్రాంత్ ఇంజన్ రూమ్‌లో ఉన్నారు. పతకాలు చూస్తే తెలిసిపోతుంది: ఆయన దగ్గరున్నది పూర్వీ స్టార్. పడమటి వైపు పనిచేసినవాళ్లకి ఇచ్చింది పశ్చిమీ స్టార్. కరాచీకి ఒక్క వాక్యం చాలు. ఆ బోర్డు మీద రావాల్సింది విక్రాంత్ బాయిలర్ సంగతి. నాలుగింటిలో ఒకటి పగుళ్లిచ్చి పనికిరాకపోతే మిగిలిన మూడింటి ఆవిరితోనే ఓడని యుద్ధంలోకి తీసుకెళ్లారు. అక్కడ ఇంజన్ రూమ్ మనిషి పనేమిటో చదివినవాళ్లకి తెలుస్తుంది.

విక్రాంత్ ఫోటో జాగ్రత్త. నెట్‌లో ముందు వచ్చేది 2022లో దళంలో చేరిన కొత్త ఓడ. పాతది 1961 నుంచి 1997 వరకు నడిచింది. దానిలోనూ ముందు భాగంలో డెక్ ర్యాంపులా పైకి లేచి ఉంటే అది 1971 నాటి బొమ్మ కాదు, ఆ ర్యాంప్ తరువాత పెట్టారు. జెండా కూడా అంతే. ఇప్పటి అష్టకోణం గుర్తున్న జెండా 2022 సెప్టెంబర్ 2న వచ్చింది. అప్పటిది తెల్లగుడ్డ మీద ఎర్ర శిలువ గీతలు, పై మూల త్రివర్ణం.

ఆయన కెప్టెన్ కాదు, చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యారు. నావికుడిగా చేరి మెట్టుమెట్టుగా ఎక్కిన హోదా అది. లేని హోదా తగిలిస్తే ముందు నొచ్చుకునేది ఆయనే. పేరు తరువాత ‘చీఫ్ పెట్టీ ఆఫీసర్ (రిటైర్డ్)’ అని ఉండాలి.

బోర్డుల జట్టు, డాలస్
మార్చేస్తాం అక్కా. ఫోటోలు వాట్సాప్‌లో వచ్చినవి పెద్దవి చేస్తే మసకేస్తున్నాయి.

హైదరాబాద్ జట్టు
వాటిని వాడకండి. మళ్లీ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి డ్రైవ్‌లో పెడతాం. మూడున్నర అంగుళాలు, అయిదు అంగుళాల ఫోటో అలా తీస్తే బోర్డు మీద 14కి 20 అంగుళాల వరకు ఆగుతుంది. పెళ్లి ఫోటో ఆల్బమ్ జిగురుకి అంటుకుపోయింది. దాన్ని లాగం, పేజీతో సహా స్కాన్ చేస్తాం.

ఇక అసలు నిధి ఉత్తరాలు. మామ్మగారి ట్రంకుపెట్టెలో నీలం ఇన్లాండ్ లెటర్లు. ప్రతి దాని పైమూలా తాతగారు నంబర్ వేశారు. సముద్రం మీంచి మూడు ఉత్తరాలు ఒకేరోజు చేరేవి, ఏది ముందో ఆమెకి తెలియాలి కదా. మీరూ ఆ నంబర్ల వరసే పాటించండి, పోస్టు ముద్ర తేదీని కాదు. ఓడ ఉత్తరాలు ఫ్లీట్ మెయిల్ ఆఫీస్, అంటే నౌకాదళం తపాలా కార్యాలయం ద్వారా నడిచేవి. ముద్ర చూసి ఓడ ఫలానా చోట ఉందని మ్యాప్ గీయకండి.

ఆరో బోర్డు మొత్తం 44వ ఉత్తరానికే ఇవ్వండి. అందులో వత్తుల కిరసనాయిలు స్టవ్ బొమ్మ ఉంది. వత్తులన్నీ ఒకే ఎత్తుకి కత్తిరించమని, ఒక్కటి పైకి ఉన్నా అక్కడే మంట ఎర్రబడి గిన్నెకి మసి పడుతుందని రాశారు. ట్యాంకు, వత్తుల గొట్టాలు, తిప్పే మీట, అన్నిటికీ బాణం గుర్తు పెట్టి తెలుగులో పేర్లు. అంచు చింపినప్పుడు కొన్ని మాటలు పోయాయి. ఆ ఖాళీ ఖాళీగానే వదలండి, ఊహించి పూరించొద్దు. ఒరిజినల్ ఏదీ లామినేట్ చేయం, డాలస్‌కి పంపం. పతకాలూ అంతే. పాలిష్ పెట్టం, ఫోటో మాత్రమే.



సమన్వయం, డాలస్
స్కాన్లు ఎప్పటికి వస్తాయి? ప్రింటుకి పది రోజులు కావాలి.

హైదరాబాద్ జట్టు
నవంబర్ 15కి. ఒక్కో ఉత్తరం మామ్మగారు చదివి సరే అన్నాకే స్కానర్ మీద పెడుతున్నాం. ఇప్పటికి 31 ఇచ్చారు, ఆరు పక్కన పెట్టుకున్నారు. ఆ ఆరూ మళ్లీ ట్రంకులోకే వెళ్లాయి.