కడుపుతో ఉన్నప్పుడు డీట్ క్రీమ్ రాసుకోవచ్చా?

ఆరోనెల:
సాయంత్రం అయ్యేసరికి దోమలు పీక్కుతింటున్నాయి. డీట్ (దోమలను దగ్గరికి రానివ్వని రసాయనం) ఉన్న క్రీమ్ రాసుకోమని డాక్టర్ చెప్పారు. చర్మానికి రాసింది రక్తంలోకి పోదా అని మా అత్తయ్య భయం. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఎవరి మాట వినాలి?

మందులొద్దు:
మీ అత్తయ్యగారి మాటే వినండి. డీట్ బొడ్డుతాడు రక్తంలో కూడా దొరికిందని చదివాను. బిడ్డ దాకా వెళ్లే కెమికల్ మనకెందుకు? దోమతెర, ఒళ్లంతా కప్పే బట్టలు చాలు.

జ్వరాలవార్డు:
దొరికిన మాట నిజమేనండీ. కానీ ఆ అధ్యయనంలో మిగతాది కూడా చెప్పాలి కదా! థాయ్‌లాండ్‌లో 897 మంది గర్భిణులతో చేశారు, 2001లో వచ్చింది. నాలుగో నెల నుంచి కాన్పు దాకా కొందరు 20 శాతం డీట్ రోజూ రాసుకున్నారు. అలా రాసుకున్న వాళ్లలో 50 మంది బొడ్డుతాడు రక్తం పరీక్షిస్తే నలుగురిలో కనిపించింది. అయినా డీట్ రాసుకున్న తల్లుల పిల్లల ఎదుగుదలలో పుట్టినప్పుడు గానీ, ఏడాది నిండాక గానీ తేడా లేదు.

దోమకాటు వల్ల వచ్చే ముప్పు మాత్రం ఊహ కాదు. గర్భిణికి మలేరియా వస్తే రక్తహీనత ముదురుతుంది, బిడ్డ బరువు తగ్గుతుంది. డెంగీతో నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు. జికా వైరస్ అయితే బిడ్డ తల, మెదడు ఎదగకుండా చేయొచ్చు. పైగా డెంగీ దోమ పగలు కుడుతుంది. రోజంతా దోమతెరలో కూర్చోలేం కదా!

మందులొద్దు:
సరే, మరి మొదటి మూడు నెలల సంగతి? మీరు చెప్పిన అధ్యయనంలో ఆ నెలలు లేవు. నిమ్మగడ్డి నూనె లాంటివి రాసుకుంటే పోలేదా?

జ్వరాలవార్డు:
లేవు, ఒప్పుకుంటాను. అందుకే దోమల జబ్బులు లేని చోట ఆ మూడు నెలలు బట్టలు, తెరలతో సరిపెట్టుకుంటానంటే నేను కాదనను. జబ్బులున్న చోట మాత్రం మానొద్దు. సూచనల ప్రకారం వాడితే గర్భిణులకు డీట్, అలాంటిదే అయిన పికారిడిన్ అనే దోమల మందు సురక్షితమేనని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా చెబుతోంది. నిమ్మగడ్డి నూనె ప్రభావం త్వరగా పోతుంది, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. మూసిన గదిలో కాయిల్ అసలే వద్దు, ఆ పొగంతా ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

ఆరోనెల:
మరి ఎలా రాసుకోవాలండీ?

జ్వరాలవార్డు:
బయటికి కనిపించే చర్మానికే పల్చగా రాయండి. బట్టల లోపల, గాయాల మీద వద్దు. సన్‌స్క్రీన్ వాడితే ముందు అది, తర్వాత ఇది. ఇక అవసరం లేదనుకున్నాక సబ్బుతో కడిగేయండి. డబ్బా మీద డీట్ శాతం చూసి, మీ డాక్టర్‌కు ఒకసారి చూపించండి.