బొబ్బర్లంక – లొల్ల కాలువగట్టు రోడ్డును కొత్తవారికి ‘సులభం’ అని సూచించవచ్చా?

ఏటిగట్టు:
గోదావరి మధ్య డెల్టాలో పరుగుకు అనువైన దారులను మూడు స్థాయిలుగా విభజించి ఒక జాబితా తయారుచేస్తున్నాను. కొత్తవారికి బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల వైపు వెళ్లే కాలువగట్టు రోడ్డును సూచిస్తున్నాను. ఎక్కుదిగుళ్లు లేవు, ఒక పక్క నీరు, మరో పక్క వరిచేలు, కొబ్బరితోటలు ఉంటాయి. కొంత అలవాటైనవారికి ధవళేశ్వరం ఆనకట్ట సరిపోతుంది. దాని నాలుగు భాగాల నిడివి సుమారు 3.6 కిలోమీటర్లు, నడుమ లంకల మీది రోడ్డు కలిస్తే మరింత ఎక్కువ. ఆరితేరినవారికి మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు సాగే ఘాట్ రోడ్డు. అభిప్రాయాలు చెప్పండి.

దాళ్వారైతు:
దాళ్వా (రబీ) కోతలప్పుడు ఆ రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తాం. తేమ తగ్గకపోతే కొనుగోలులో కోత పెడతారు, కళ్లాలు అందరికీ లేవు. గత పంటకు పరుగెత్తేవారు కొందరు మా బరకాల మీదుగానే వెళ్లారు. ఆరబోసిన ధాన్యమంతా చెదిరిపోయింది, అడిగితే రోడ్డు మీ సొంతమా అన్నారు. మీ జాబితాలో ఈ మాట ఎక్కడుంది?

లొల్లవాసి:
శనివారం మాత్రం వద్దు. వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చే వాహనాలతో అడుగు పెట్టే చోటు ఉండదు.

ఏటిగట్టు:
శనివారం సంగతి చేరుస్తాను. రైతుగారి బాధ న్యాయమైనదే గానీ, అది దారి స్థాయిని మార్చదు. కొత్తగా మొదలుపెట్టినవారికి మొదట ఎదురయ్యే అడ్డంకి ఊపిరి. పక్కవారితో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగేంత వేగంతో, నాలుగు నిమిషాలు నడుస్తూ ఒక నిమిషం పరుగెత్తుతూ సాగేవారికి సమతలమైన రోడ్డును మించినది లేదు.

ఉదయిని:
నేను ఆ రోడ్డుకు దగ్గరి ఊరిలోనే ఉంటాను. తెల్లవారుజామున ఒంటరిగా పరుగెత్తుతుంటే ఒక మోటారుసైకిలు చాలా దూరం నా వెనుకే నెమ్మదిగా వచ్చింది. ఒక పక్క కాలువ, మరో పక్క చేలు, కేకవేస్తే పలికే ఇల్లు లేదు. ఆ తరువాత మా ఇంట్లో పరుగు మాన్పించారు. ఎక్కుడు లేనంత మాత్రాన ఆ దారి నాకు సులభమెలా అవుతుంది?

ఏటిగట్టు:
ఉదయిని గారూ, మీకు జరిగినది తప్పే, దానిని తేలిక చేయను. అయితే భద్రతకు వేరే గడి పెడతాను. ‘సులభం’ అన్న మాట వాలును, దూరాన్ని చెప్పేదిగానే ఉండాలి. అన్నిటినీ ఒకే మాటలో కలిపితే మోకాలినొప్పి ఉన్నవారికి ఆ సమాచారం పనికిరాకుండా పోతుంది.

కాలినడక:
మోకాళ్ల మాట వచ్చింది గనుక చెబుతున్నాను. గట్టు రోడ్డు అంచు కాలువ వైపు ఒరిగి ఉంటుంది, ఎప్పుడూ ఒకే పక్కన పరుగెత్తితే ఒక కాలి మీదే భారం పడుతుంది. వేసవిలో గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. వేడికి శరీరం అలవాటుపడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఈ రెండూ రాయకుండా ఆ రోడ్డును కొత్తవారికి చెప్పకూడదు.

దాళ్వారైతు:
ఊపిరి, మోకాలు, చెమట అన్నీ చర్చించారు, నా ధాన్యానికి జవాబు రాలేదు. రాజమండ్రి నుంచి కార్లలో వచ్చి, గట్టు మీద నిలిపి, ఫొటోలు తీసుకుని పోయేవారి కోసమా ఈ జాబితా? అలాగైతే మా రోడ్డు పేరు తీసేయండి.

ఏటిగట్టు:
ప్రజల రోడ్డు పేరు తీసేయమనే హక్కు ఎవరికీ లేదండీ. మంచి దారిని నలుగురికీ చెప్పడం నేరంగా మాట్లాడుతున్నారు.

ఉదయిని:
అసలు తేడా ఇక్కడ బయటపడింది. మీరు ఊరిని చూడటానికి వచ్చేవారి కోసం రాస్తున్నారు, మేము ఇక్కడే ఉండి పరుగెత్తాలనుకుంటున్నాం. వచ్చేవారికి అందం ముందు, అందుకే జనం లేని గట్టు మీకు నచ్చింది. మాకు జనం ఉండటమే ముందు. ఇళ్ల నడుమ వీధులు, హైస్కూలు మైదానం చుట్టూ తిరిగే చిన్న దారి మాలాంటివారికి మొదటి మెట్టు. అక్కడ కాలువ కనబడకపోవచ్చు, కానీ అరుగు మీద కూర్చున్న మామ్మ కనబడుతుంది. ఆ దారి పెట్టని జాబితాలో ‘కొత్తవారు’ అన్న మాటకు మగవారు అనే అర్థం మిగులుతుంది.

ఏటిగట్టు:
మైదానం చుట్టూ తిరగడానికి జాబితా అవసరమా? ప్రకృతిని చూస్తూ పరుగెత్తే దారులనే నేను సేకరిస్తున్నాను. మీ దారిని చేరుస్తాను, కానీ గట్టు రోడ్డు స్థాయి మార్చను.

ఉదయిని:
అయితే దాని పక్కన ‘తెల్లవారాక, తోడుతో మాత్రమే’ అని అదే గడిలో, అదే అక్షరాలతో రాయండి. కింద వేరే గడిలో పెడితే ఎవరూ చదవరు.

దాళ్వారైతు:
ఏప్రిల్ కోతలు మొదలయ్యాక, మళ్లీ సార్వా (ఖరీఫ్) కోతలప్పుడు ఈ దారి వద్దని కూడా అక్కడే రాయాలి. కాలువలు కట్టేసే రోజుల్లో ఎలాగూ నీరుండదు, అప్పుడు వచ్చేవారికి చూడటానికి మిగిలేది బురదే.

ఏటిగట్టు:
నెలలు చేరుస్తాను. స్థాయి విషయంలో నా మాట అదే.