చీము పట్టిన పిప్పి పన్ను, పిల్లల ప్లాన్: యూకేకి కొత్త, సలహా కావాలి

అడిగినవారు, మిల్టన్ కీన్స్:

అందరికీ నమస్కారం. మావారి వర్క్ వీసా మీద డిపెండెంట్‌గా ఈమధ్యే వచ్చాను. కింది దవడలో వెనక ఒక పిప్పి పన్ను చాన్నాళ్లుగా ఉంది. ఇప్పుడు దాని పక్కన చిగురు మీద చిన్న చీము పొక్కు లేచింది. రాత్రి పడుకుంటే నొప్పి చెవి దాకా లాగుతోంది. ఊరి నుంచి తెచ్చుకున్న కెటొరాల్ డీటీ అనే నొప్పి మాత్ర వేసుకుంటే కాసేపు తగ్గుతోంది. ఈ ఏడాదే పిల్లల కోసం ప్రయత్నిద్దామనుకుంటున్నాం. ప్రెగ్నెన్సీ వచ్చాక ఇక్కడ పళ్ల వైద్యం ఫ్రీ అట, అప్పటిదాకా ఓర్చుకోమని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు, రెడింగ్:

చెల్లీ, ఫ్రీ అన్నది నిజమే, ఓర్చుకోమన్నదే తప్పు. ఇంగ్లండ్‌లో గర్భం వచ్చాక మిడ్‌వైఫ్ (గర్భిణుల్ని చూసే నర్సు) గానీ జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) గానీ మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్‌కి అప్లై చేస్తారు. అది వచ్చాక, బిడ్డ పుట్టి 12 నెలలు నిండేదాకా ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) దంత వైద్యానికి డబ్బు కట్టక్కర్లేదు. కానీ గర్భం మనం అనుకున్న నెలలోనే వస్తుందని ఏముంది? ఏడాది పట్టినవాళ్లూ ఉన్నారు. చీము పట్టిన పన్ను అన్నాళ్లు ఊరుకోదు.

పోనీ, ఎంత మిగులుతుందో చూడు. ఎన్‌హెచ్‌ఎస్ పళ్ల వైద్యం ఫీజుల్ని బ్యాండ్‌లు అనే స్థాయిలుగా పెట్టారు. 2025 ఏప్రిల్ రేట్ల ప్రకారం బ్యాండ్ 2 ఛార్జీ 75.30 పౌండ్లు. రూట్ కెనాల్, ఫిల్లింగ్, పన్ను తీయడం అన్నీ అందులోనే. ఒకే కోర్సులో రెండు మూడు పళ్లు బాగుచేసినా కట్టేది అంతే. క్యాప్ వేస్తే మాత్రం బ్యాండ్ 3, 326.70 పౌండ్లు. ఈ రేట్లు ఏప్రిల్‌లో మారుతుంటాయి, అడిగి కనుక్కో.

ఆ పొక్కు సంగతి జాగ్రత్త. ఒక రోజు అది చితికి, నోట్లో ఉప్పగా చీము కారి, నొప్పి చప్పున తగ్గిపోతుంది. "హమ్మయ్య, నయమైంది" అనుకుంటాం. కాలేదు. పన్ను లోపల నరం చచ్చిపోయింది, చీముకి బయటికి దారి దొరికింది, అంతే. యాంటీబయాటిక్ కూడా పన్ను లోపలున్న మూలాన్ని తీయలేదు. పన్ను తెరిచి శుభ్రం చేయాలి, లేదా పీకేయాలి. సూట్‌కేసులో ఆగ్మెంటిన్ లాంటి యాంటీబయాటిక్ ఉందని నీ అంతట నువ్వే వేసుకోకు (మన సూట్‌కేసుల్లో సగం మెడికల్ షాపేగా!).

ఇప్పుడే చేయించుకుంటే ఇంకో సుఖం ఉంది. ఎక్స్‌రేకి గానీ మందులకి గానీ టెన్షన్ ఉండదు. గర్భంలోనూ పళ్ల వైద్యం చేస్తారు, దానికి భయపడక్కర్లేదు. కానీ మొదటి మూడు నెలలు వేవిళ్లతో నోరు తెరవడమే గగనం, నెలలు నిండేకొద్దీ కుర్చీలో వెల్లకిలా పడుకుంటే కళ్లు తిరుగుతాయి. డెంటిస్ట్‌కి మాత్రం "ట్రైయింగ్ ఫర్ ఎ బేబీ" అని ముందే చెప్పు, దాన్ని బట్టే మందు రాస్తారు.

కెటొరాల్ పక్కన పెట్టు. ఆ జాతి మాత్రలు, ఐబుప్రోఫెన్‌తో సహా, గర్భం రావడానికి అడ్డుపడొచ్చని వాటి కరపత్రాల్లోనే ఉంటుంది. పారాసిటమాల్ 500 మి.గ్రా.వి ఒకసారికి రెండు, కనీసం 4 గంటల తేడాతో, 24 గంటల్లో 8కి మించకుండా. ఇక్కడ దొరికే కో-కోడమాల్ అనే నొప్పి మాత్రలోనూ పారాసిటమాల్ ఉంటుంది, రెండూ కలిపి వేసుకోవద్దు. గోరువెచ్చని ఉప్పు నీళ్లు పుక్కిలించు. అమ్మ లవంగ నూనె పెట్టమంటుంది, దూదితో ఒక చుక్క పెట్టుకో, అది నొప్పికే తప్ప చీముకి మందు కాదు.

జవాబు, స్లౌ:

అక్క చెప్పింది కరెక్టే గానీ, అసలు ఎన్‌హెచ్‌ఎస్ డెంటిస్ట్ దొరకాలి కదండీ! అడిగిన చోటల్లా "కొత్త పేషెంట్లను తీసుకోవడం లేదు" అంటారు. పళ్ల నొప్పికి జీపీ దగ్గరికి వెళ్లి లాభం లేదు. మీ పోస్ట్‌కోడ్‌లోనే వెతకక్కర్లేదు, పక్క ఊరి క్లినిక్‌కైనా వెళ్లొచ్చు. ఈలోగా 111కి (ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబర్) ఫోన్ చేసి అర్జెంట్ డెంటల్ అపాయింట్‌మెంట్ అడగండి. మొహమాటపడి "కొంచెం పెయిన్" అనకండి. చీము ఉంది, నిద్ర పట్టడం లేదు, వాపు ఉంటే వాపు ఉంది అని ఉన్నదున్నట్టు చెప్పండి. అర్జెంట్ ఛార్జీ 2025 ఏప్రిల్ రేట్ల ప్రకారం 27.40 పౌండ్లు. దానితో నొప్పి తగ్గేవరకే చూస్తారు, మిగతా ట్రీట్‌మెంట్‌కి మళ్లీ విడిగా కట్టాలి.

ప్రైవేట్‌లో దవడ పన్ను రూట్ కెనాల్ వందల పౌండ్లు. అందుకని హైదరాబాద్ టికెట్ కొంటామంటారు కొందరు. చీముతో ఉన్నప్పుడు ఆ ఆలోచన వద్దండి. ముందు ఇక్కడ పన్ను తెరిపించండి. క్యాప్ అక్కడ వేయించుకుంటానంటే అది తర్వాత డెంటిస్ట్‌తో మాట్లాడుకోవచ్చు.

అడిగినవారు:

థ్యాంక్స్ అక్కా, థ్యాంక్స్ అండి. 111 వాళ్లు రేపు ఉదయానికి ఇచ్చారు. ఈ రాత్రి వాపు పెరిగితే? ఫోలిక్ యాసిడ్ కూడా పన్ను అయ్యాకే మొదలుపెట్టాలా?

జవాబు, రెడింగ్:

వాపు కంటి వైపో మెడ వైపో పాకినా, నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా తెల్లారేదాకా ఆగకు, ఏ అండ్ ఈకి (ఆసుపత్రి ఎమర్జెన్సీకి) వెళ్లిపో. ఊపిరి ఆడకపోతే అంబులెన్స్‌కి 999 కొట్టు. ఫోలిక్ యాసిడ్‌కి పన్నుతో సంబంధం లేదు, రోజూ 400 మైక్రోగ్రాములు, ప్రయత్నం మొదలుపెట్టక ముందు నుంచే వేసుకుని, గర్భం వచ్చాక 12 వారాలు నిండేదాకా కొనసాగించాలి. షుగర్, ఫిట్స్ మందులు లాంటివి ఉంటే మోతాదు వేరు, జీపీని అడుగు. రేపు వెళ్లేటప్పుడు వేసుకున్న మాత్రల స్ట్రిప్‌లు పట్టుకెళ్లు, పేర్లు ఇక్కడివాళ్లకి తెలియకపోవచ్చు.